మంత్రే గానీ, సహాయ మంత్రి

సికింద్రాబాద్‌లోని బోయిన్‌పల్లి చౌరస్తా నుంచి సుచిత్ర, మేడ్చల్ మీదుగా నాగపూర్ వైపు సాగే రోడ్డు జాతీయ రహదారి. రోడ్డు ఢిల్లీది. చుట్టూ ఉన్న నేలలో చాలా భాగం కంటోన్మెంటు, అంటే రక్షణ శాఖ పరిధిలోది. గల్లీలో మురుక్కాలువ మాటెలా ఉన్నా, పెద్ద పని ఏదైనా కేంద్రం దాకా పోవాల్సిందే. ఇలాంటి చోట 'మనవాడు కేంద్రంలో మంత్రి' అనే మాటకు విలువ ఎక్కువ. 2012 అక్టోబరులో ఆ మాట అనే అవకాశం వచ్చింది. ఈ ప్రాంతం ఉన్న మల్కాజ్‌గిరి నియోజకవర్గ ఎంపీ సర్వే సత్యనారాయణ కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖలో చేరారు. హోదా మాత్రం సహాయ మంత్రి.

మంత్రి, సహాయ మంత్రి అనే పదాల మధ్య ఉన్న దూరం చిన్నదేమీ కాదు. కేబినెట్ సమావేశానికి సహాయ మంత్రి పిలిస్తేనే వెళతాడు. 'స్వతంత్ర హోదా' ఉంటే శాఖ తనదే. లేకపోతే పెద్ద మంత్రి పంచి ఇచ్చిన ఫైళ్లే తన పని, ఆయన ఇవ్వకపోతే అదీ లేదు. పదవి దక్కినా బల్ల మీద ఫైలు లేదని వాపోయిన సహాయ మంత్రులు ప్రతి ప్రభుత్వంలోనూ కనిపిస్తారు.

ఒకప్పుడు వీరికంటే కింద మరో మెట్టు ఉండేది, ఉపమంత్రి. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా ఉన్న హైదరాబాద్ రాష్ట్రంలో సంగెం లక్ష్మీబాయి విద్యాశాఖ ఉపమంత్రిగా పనిచేశారు. పి.వి. నరసింహారావు ప్రధాని అయ్యాక 1991లో సల్మాన్ ఖుర్షీద్ కూడా వాణిజ్య శాఖ ఉపమంత్రిగానే మొదలయ్యారు. తర్వాత ఆ మెట్టు మాయమైంది. చిత్రమేమిటంటే 'ఉప' అనే ముక్క చావలేదు, పైకి ఎగబాకింది. ఆంధ్ర, తెలంగాణ నేతల మధ్య కుదిరిన 1956 పెద్దమనుషుల ఒప్పందం ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడై ఉండాలంది. ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి ఆ పదవిని ఆరో వేలన్నారని చెబుతారు. 2019లో జగన్ ప్రభుత్వంలో ఆ వేళ్లు ఏకంగా ఐదు. రాజ్యాంగంలో మాత్రం ఉపముఖ్యమంత్రి ఊసే లేదు.

పదవుల పంపకం హద్దు దాటితే ఎలా ఉంటుందో 1980లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చూసింది. టి. అంజయ్య మంత్రివర్గంలో 61 మంది! జనం దాన్ని 'జంబో కేబినెట్' అన్నారు. అది సంకీర్ణం కాదు, ఒకే పార్టీ ప్రభుత్వం. కానీ కాంగ్రెస్‌లోని ముఠాలు ఏ కూటమికీ తీసిపోవు గనుక అందరినీ సర్దడమే ముఖ్యమంత్రి పని అయింది. సర్దినా పదవి నిలవలేదు. బోయిన్‌పల్లికి కూతవేటు దూరంలోని బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీ ఆయన్ని మందలించిన ఉదంతం 1982 ఫిబ్రవరిలో జరిగింది. ఆ నెలలోనే అంజయ్య దిగిపోయారు. 1984లో సికింద్రాబాద్ నుంచి లోక్‌సభకు వెళ్లి, రాజీవ్ ప్రభుత్వంలోనే కార్మిక శాఖ చూశారు. మూడు దశాబ్దాల తర్వాత అదే సికింద్రాబాద్ ఎంపీ బండారు దత్తాత్రేయ అదే కార్మిక శాఖకు స్వతంత్ర హోదాలో సహాయ మంత్రి అయ్యారు.

అసలైన సంకీర్ణాల లెక్క ఢిల్లీలో తేలింది. తెలుగుదేశం పార్టీ 1996లో 16 లోక్‌సభ సీట్లు గెలిచింది. దేవెగౌడ ప్రభుత్వంలో కింజరాపు ఎర్రన్నాయుడికి కేబినెట్ హోదా దక్కింది. బోళ్ల బుల్లిరామయ్య, ఉమ్మారెడ్డి వెంకటేశ్వర్లు, సముద్రాల వేణుగోపాలాచారి సహాయ మంత్రులయ్యారు. 1999లో సీట్లు 29కి పెరిగినా ఆ పార్టీ మంత్రి పదవులే వద్దని బయటి నుంచి మద్దతిచ్చింది. 2014లో మళ్లీ పదహారే. అశోక్ గజపతిరాజు కేబినెట్‌లో, ఆ ఏడాది నవంబరు నుంచి సుజనా చౌదరి సహాయ మంత్రిగా ఉన్నారు. 2018 మార్చిలో ఇద్దరూ బయటికొచ్చారు. 2024లో కూడా పదహారే! రామ్మోహన్ నాయుడు కేబినెట్‌లో, పెమ్మసాని చంద్రశేఖర్ సహాయ మంత్రిగా చేరారు. మూడుసార్లూ బలం ఒకటే, పంట మాత్రం నాలుగు నుంచి రెండుకు తగ్గింది.

కారణం ఈ చివరి రెండు ప్రభుత్వాలను నడిపిన బీజేపీ బలం ఒక్కటే కాదు. 2004 జనవరిలో అమల్లోకి వచ్చిన 91వ రాజ్యాంగ సవరణ మంత్రుల సంఖ్యను దిగువ సభ బలంలో 15 శాతానికి కట్టేసింది. కేంద్రంలో 81 మందికి చోటుంది. 2024 జూన్‌లో ప్రధానితో కలిపి 72 మంది ప్రమాణం చేస్తే అందులో 41 మంది సహాయ మంత్రులే. రాష్ట్రాల్లో కథ వేరు. 119 మంది సభ్యులున్న తెలంగాణలో ముఖ్యమంత్రితో కలిపి 18 మందికి మించకూడదు. లెక్కలో చిన్న మంత్రి కూడా ఒకడే, పెద్ద మంత్రి కూడా ఒకడే. మరి ఉన్న సీటును తక్కువ హోదాకు ఎవరు వృథా చేస్తారు? అందుకే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇవాళ సహాయ మంత్రి కనిపించరు. బోయిన్‌పల్లి బిడ్డ చామకూర మల్లారెడ్డి మొదటిసారి ఎమ్మెల్యే అయిన కొద్ది నెలలకే, 2019 ఫిబ్రవరిలో, నేరుగా పూర్తిస్థాయి కార్మిక మంత్రి అయ్యారు.

ఈ పరిమితికి పక్కదారి వెతకలేదని కాదు. 2014 డిసెంబరులో కేసీఆర్ ఆరుగురు ఎమ్మెల్యేలను కేబినెట్ హోదాతో పార్లమెంటరీ కార్యదర్శులుగా నియమించారు. 2015 మేలో హైకోర్టు అడ్డుకుంది. 2017లో అస్సాం కేసులో సుప్రీంకోర్టు అలాంటి నియామకాలకు వీలు కల్పించిన రాష్ట్ర చట్టాన్నే కొట్టేసింది.

ఐర్లండ్ మన పద్ధతికి తలకిందులు. అక్కడ రాజ్యాంగం కేబినెట్‌ను 15 మందికి పరిమితం చేసింది, చిన్న మంత్రుల సంఖ్యను మాత్రం మామూలు చట్టానికి వదిలేసింది. దాంతో సంకీర్ణాల అవసరం కొద్దీ చట్టం సాగుతూ వచ్చింది. 1977లో పది, 1980లో పదిహేను, 2007లో ఇరవై. 2025లో ఏర్పడిన సంకీర్ణంలో 23. 1994 నాటి మూడు పార్టీల ప్రభుత్వం ఇంకో కొత్త రకాన్ని కనిపెట్టింది. ఓటు లేకపోయినా కేబినెట్‌లో కూర్చునే ఆ 'సూపర్ జూనియర్' పదవిని మొదట పొందింది పాట్ రాబిట్.

సహాయ మంత్రి పదవిని చిల్లర పదవిగా కొట్టిపారేయడం తేలికే. కానీ అది పని నేర్పే బడి కూడా. పల్లంరాజు 2006 నుంచి ఆరేళ్లు రక్షణ శాఖలో సహాయ మంత్రిగా ఉండి కేబినెట్‌కు ఎదిగారు. సికింద్రాబాద్ ఎంపీ కిషన్‌రెడ్డి హోం శాఖలో రెండేళ్లు చేసి 2021లో కేబినెట్ హోదా పొందారు. రాష్ట్రాల్లో ఆ బడి మూతపడింది. కొత్తవాడు నేరుగా శాఖాధిపతి అవుతాడు, లేదంటే బయటే ఉంటాడు. తెలంగాణలో రేవంత్‌రెడ్డి ప్రభుత్వం 2023 డిసెంబరులో ఏర్పడింది. ఆశావహులు మాత్రం 2025 జూన్ దాకా ఆగారు. అప్పుడు చోటు దక్కింది ముగ్గురికే.