రంగస్థల సంప్రదాయము – చలనచిత్ర కథనము : 1957 నాటి రెండు చిత్రములు

చలనచిత్రము యంత్రయుగ సంతానము. ఆ యంత్రము అన్ని దేశములందును ఒక్కటియే. అయినను దానితో కథ చెప్పు తీరు దేశమున కొక రీతిగా నున్నది. ఈ భేదమునకు ఆయా జాతుల ప్రాచీన కథాకథన సంప్రదాయమే కారణమని సామాన్యముగా చెప్పుదురు. ఈ మాట నిజమే. కాని సంప్రదాయము చిత్రమునకు ఇచ్చుచున్న దేమి? కథనా, కథనమునా, లేక వేరొక దానినా? 1957లో విడుదలయైన రెండు చిత్రములను ప్రక్కప్రక్కన నుంచి ఈ ప్రశ్నను పరిశీలింతము. ఒకటి జపానులో అకిరా కురొసావా తీసిన 'కుమొనొసు-జో', అనగా 'సాలెగూటి కోట'. రెండవది కె. వి. రెడ్డి దర్శకత్వమున విజయా వారు నిర్మించిన 'మాయాబజార్'.

జపానులో మూకచిత్రముల కాలమున 'బెన్షి' యను వ్యాఖ్యాతలు తెర ప్రక్కన నిలిచి కథను వినిపించుచు, పాత్రల సంభాషణములను తామే పలికెడివారు. బొమ్మలాటకు ప్రక్కన కూర్చుండి గాయకుడు కథ చెప్పు 'జోరురి' పద్ధతి నెరిగిన ప్రేక్షకులకు ఇది వింత కాలేదు. కురొసావా అన్నగారు స్వయముగా బెన్షియే. 1930ల ఆరంభమున మాటల చిత్రములు రాగా ఆ వృత్తి క్షీణించినది. కాని కథకుడు కథకు వెలుపల నిలుచు పద్ధతి నశింపలేదు. 'కుమొనొసు-జో' ఆద్యంతములందు వినవచ్చు బృందగానము దానిని స్మరింపజేయుచున్నది.

ఆ చిత్రమునకు మూలము షేక్‌స్పియరు 'మాక్‌బెత్' నాటకము. పరదేశపు కథను స్వదేశీయము చేయుటకు కురొసావా 'నో' నాటక పద్ధతి నాశ్రయించెను. నటులకు నో ముసుగులను చూపి, ఆ ముఖభావములను పట్టుకొనుడని చెప్పెను. లేడీ మాక్‌బెత్‌కు బదులైన అసాజి పాత్రను ధరించిన ఇసుజు యమద ముఖము దాదాపు కదలదు. ఆమె నడచునపుడు వస్త్రపు రాపిడియే వినవచ్చును. షేక్‌స్పియరు వాక్కుచే సాధించిన దానిని ఈ చిత్రము నిశ్చలతచే సాధించినది. ఇచట కథ పరాయిది, కథనము తమది.

'మాయాబజార్' మార్గము వేరు. శశిరేఖాభిమన్యుల వివాహము వ్యాసభారతమున లేదు; కవిత్రయ భారతమునను లేదు. అది జనశ్రుతియందును, రంగస్థలమునందును పెరిగిన కథ. సురభి నాటక సమాజముల ప్రదర్శనములలో 'మాయాబజారు' సుప్రసిద్ధము. 1936లోనే పి. వి. దాసు ఈ కథను తెర కెక్కించెను. 1957 నాటి చిత్రమునకు రచన పింగళి నాగేంద్రరావుది. ఛాయాగ్రహణము మార్కస్ బార్ట్లేది.

పాండవ పక్షపు కథయైన ఈ చిత్రమున పాండవులు ఒక్కమారైనను కనబడరు. అయినను ఆ లోటు ఎవ్వరికిని తోపదు. ప్రేక్షకుడు వారిని వెంటబెట్టుకొనియే వచ్చినాడు. ఘటోత్కచుడు శశిరేఖ రూపము దాల్చిన పిమ్మట తెరమీద నున్నది సావిత్రి. ప్రేక్షకుని మనస్సున నున్నది ఎస్. వి. రంగారావు. లక్ష్మణకుమారునకు తెలియనిది ప్రేక్షకునకు తెలియును. ఆ యెడమునందే హాస్యమంతయు నున్నది. తోలుబొమ్మలాటలో కేతిగాడును, జుట్టుపోలిగాడును పురాణపురుషుల నడుమ జొరబడి లౌకిక భాషణము లాడు చనువే చిన్నమయ, లంబు, జంబులయందును కనబడుచున్నదని మా యభిప్రాయము.

తెలుగు పౌరాణిక చిత్రములు కెమెరా ముందర ఆడిన నాటకములే యని కొందరు విమర్శకులు తేలికపరతురు. తొలినాటి చిత్రముల విషయమున ఈ విమర్శ కొంత చెల్లును. హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వమున వచ్చిన 'భక్త ప్రహ్లాద' సురభి వారి నాటకమును, నటులను ఆధారము చేసికొన్నదే. కాని 1957 నాటికి నాటకశాల నుండి తెరకు మిగిలినది తెరచీలలు గాని, పద్యరాగములు గాని ప్రధానముగా కావు. ప్రేక్షకునికిని, కథకునికిని నడుమ నున్న పూర్వపరిచయము మిగిలినది. సంప్రదాయ మనగా నిదియే యని మేము భావించుచున్నాము. కురొసావాకు అది రూపమున లభించినది, కె. వి. రెడ్డికి ప్రేక్షకుని జ్ఞాపకమున లభించినది.

అయితే నాటకము చిత్రముగా మారిన ఈ పాతికేండ్ల దారిని అడుగడుగునను చూపగల ఆధారములు మనకు లేవు. తొలి తెలుగు మాటల చిత్రమైన 'భక్త ప్రహ్లాద' ప్రతి నేడు లభ్యము కాదు. అది 1931 సెప్టెంబరు 15న విడుదలయైనదని దశాబ్దములపాటు వ్రాసికొన్నాము. సమకాలిక ఆధారములను వెదకినపిమ్మట 1932 ఫిబ్రవరి 6 యని తేలినది. పుట్టిన దినమే ఇన్నాళ్లు తప్పుగా నడచినచో, తక్కిన చరిత్ర మాట చెప్పనేల?

నాటక సమాజముల వ్రాతప్రతులు, గ్రామఫోను రికార్డులు, సినిమాశాలలవద్ద అమ్మిన పాటల పుస్తకములు, సురభి కుటుంబముల నోటి జ్ఞాపకములు – ఇవి తాళపత్రములకంటె త్వరితముగా నశించుచున్నవి. వీనిని సేకరించి పరిష్కరించుట సాహిత్య పరిశోధనము కాదనుకొనుట పొరపాటు. ప్రబంధముల పాఠభేదములకు మనము చూపిన శ్రద్ధలో కొంతయైనను వీనికి చూపినగాని, తెలుగువాడు తెరమీద కథ చెప్పనేర్చిన విధము మనకు బోధపడదు.