కర్ణభేరీ పునర్నిర్మాణము

దీర్ఘకాలముగా చీము కారుచున్న చెవిలో చిల్లిపడిన కర్ణభేరిని రోగి శరీరమునందలి వేరొక కణజాలముతో మూసి, అవసరమైనచో దాని వెనుకనున్న మూడు చిన్న ఎముకల గొలుసును గూడ చక్కదిద్దు శస్త్రచికిత్సకు టింపనోప్లాస్టీ యని పేరు. కర్ణభేరి ఇంచుమించు 0.1 మి.మీ. మందము గల పటలము. వెలుపల చర్మము, లోపల శ్లేష్మపు పొర, నడుమ తంతుమయమైన పొర కలిసి దానిని ఏర్పరచుచున్నవి. దెబ్బవలన కలిగిన చిల్లి సామాన్యముగా తనంతట తానే పూడును గాని, వ్యాధి ముదిరిన చెవిలో వెలుపలి చర్మము చిల్లి అంచును చుట్టుకొని లోపలి పొరతో కలియుటవలన ఆ రంధ్రము శాశ్వతమగును.

చరిత్ర: ఈ రంధ్రమును మూయు ప్రయత్నము పూర్వమునుండి కలదు. 1640లో జర్మను వైద్యుడు మార్కస్ బాంజర్ పందిమూత్రాశయపు పొరను ఒక గొట్టమునకు బిగించి చెవిలో నమర్చెను. 1853లో లండను వైద్యుడు జోసెఫ్ టాయిన్బీ వెండితీగకు తగిలించిన రబ్బరు బిళ్లను వాడెను. ఇవి చెవిలో నున్నంతసేపు వినికిడికి తోడ్పడెనే గాని రంధ్రమును మాన్పలేదు. 1878లో ఎమిల్ బెర్తోల్డ్ చర్మఖండమును అతికి, సజీవ కణజాలముతో మూయు మార్గమును చూపినను, డెబ్బదియేండ్లకు పైగా దాని ననుసరించినవారు అరుదు. చెవిలోని చీము మెదడునకు ప్రాకి ప్రాణము తీయు ఆ కాలమున, చెవివెనుక ఎముకను తొలిచి రోగిని బ్రదికించుటయే వైద్యుని పరమలక్ష్యము కాగా, వినికిడి తరచుగా దానికి బలియగుచుండెను.

రెండవ ప్రపంచయుద్ధానంతరము పెన్సిలిన్ మొదలగు ఔషధములు ఆ ప్రాణభయమును తగ్గించుటయు, శస్త్రచికిత్సకు అనువైన సూక్ష్మదర్శిని వైద్యుల కందుబాటులోనికి వచ్చుటయు జరిగిన పిమ్మట, 1950 దశకపు తొలి సంవత్సరములలో జర్మనీయందు హోర్స్ట్ వుల్‌స్టైన్, ఫ్రిట్జ్ సోల్నర్ అనువారు ఈ చికిత్సకు శాస్త్రీయమైన పునాది వేసిరి. కర్ణభేరి కంపించు తలముపై పడిన ధ్వని, అందులో సుమారు 17వ వంతు వైశాల్యము గల, లోపలిచెవికి ద్వారమైన అండాకార గవాక్షముపై కేంద్రీకృతమగును. లోపలిచెవికి గల రెండవ ద్వారమైన గుండ్రని గవాక్షము మాత్రము ఆ ధ్వనికి సూటిగా గురికారాదు. ఈ సూత్రము ననుసరించి, ఎముకల గొలుసు ఎంతవరకు నశించెనో గమనించి, వుల్‌స్టైన్ ఈ శస్త్రచికిత్సను ఐదు విధములుగా విభజించెను.

అయితే వారు అతికిన చర్మము, తన స్వభావముచొప్పున పొట్టు రాల్చుచు, తడిచెవిలో వాచి, పెక్కుమారులు చెడిపోయెడిది. 1950 దశకాంతమున జర్మనీలో హీర్మన్, 1961లో అమెరికాలో స్టార్స్ అనువారు కణత కండరమును కప్పియుండు తంతుమయమైన పొరను వాడుటతో ఈ చిక్కు చాలవరకు విడిపోయెను. పలుచనిదై, స్వల్పపోషణముతోనే జీవింపగల ఆ పొర, చెవివెనుక పెట్టిన గాటునుండియే లభించును. చిల్లి అంచును గీరి దీనిని లోపలివైపున పరచినచో, చుట్టునున్న చర్మము క్రమముగా దానిపై ప్రాకి రంధ్రమును మూసివేయును.

నేటికిని ఈ పొరయే విశేషముగా వాడుకలో నున్నది. ముక్కు వెనుకనుండి మధ్యకర్ణమునకు గాలిని చేర్చు యూస్టేకియన్ నాళము సరిగా పనిచేయనిచో క్రొత్త పటలము లోపలికి లాగబడును గనుక, అట్టి చెవులలో వంగని బిగువు గల మృదులాస్థిని వాడుదురు.