హోమర్ నాటి విధి: వంతా, శాసనమా?

గ్రీకు పురాణాల్లో విధికి తిరుగులేదని, దేవతలు సైతం దానికి తలవంచాల్సిందేనని పరిచయ గ్రంథాలు చెబుతుంటాయి. స్టోయిక్కుల విషయంలో ఆ మాట చాలావరకు చెల్లుతుంది. హోమర్ దగ్గర చెల్లదు.

విధిని గ్రీకులు 'మొయిరా' అన్నారు. మొదట దానర్థం వంతు. ఒడిస్సీ 14వ సర్గలో పందుల కాపరి యుమేయస్ కాల్చిన మాంసాన్ని ఏడు వాటాలు వేస్తాడు. ఒకటి హెర్మీస్‌కూ వనదేవతలకూ తీసిపెట్టి, మిగిలినవి తలా ఒకటి ఇస్తాడు. మారువేషంలో ఉన్న ఒడిస్సియస్‌కు మాత్రం వీపు మాంసం వడ్డించి మర్యాద చేస్తాడు. ఆ పంపకానికి కవి వాడిన క్రియ మొయిరాకు చుట్టమే. దోపిడి సొమ్ము, గౌరవం, చివరికి చావు కూడా అలా దక్కే వంతులే.

వంతు గనుకనే దాన్ని మీరడం కుదురుతుంది. మనుషులు తమ తెలివితక్కువతనంతో వంతుకు మించిన కష్టాలు తెచ్చుకుని మమ్మల్ని ఆడిపోసుకుంటారని ఒడిస్సీ మొదట్లోనే జ్యూస్ విసుక్కుంటాడు. వద్దని ముందే చెప్పినా వినక అగమెమ్నాన్‌ను చంపిన ఎయిగిస్థస్ అతని ఉదాహరణ. ఇలియడ్ 16వ సర్గలో కొడుకు సర్పెడాన్‌కు చావు మూడినప్పుడు, కాపాడదామా అని అదే జ్యూస్ ఊగిసలాడతాడు. హీరా 'అది నీ వల్ల కాదు' అనదు. చేస్తే చెయ్యి, మేం మాత్రం మెచ్చం, రేపు మిగతా దేవతలూ తమ బిడ్డలను తప్పించబోతారు అంటుంది. ఆమె భయమంతా పంపకం చెడుతుందనే. జ్యూస్ నెత్తుటి చినుకులు రాల్చి ఊరుకుంటాడు.

ఎదురు సాక్ష్యమూ ఉంది. పుట్టినవాడెవడూ మొయిరాను తప్పించుకోలేడని ఇలియడ్ 6వ సర్గలో హెక్టర్ అంటాడు. దీన్ని తోసిపుచ్చలేం. కాకపోతే అది యుద్ధానికి వెళ్తూ భార్యను ఊరడిస్తూ అన్న మాట.

తర్వాతి కథ తెలిసిందే. హెసియడ్ మొయిరాను ముగ్గురు అక్కచెల్లెళ్లుగా చూపి వాళ్లకు పేర్లు పెట్టాడు. వాళ్లను ఒకచోట రాత్రికీ, మరోచోట జ్యూస్, థెమిస్‌లకూ పుట్టించాడు. ప్లేటో వాళ్లను అనివార్యతకు కూతుళ్లను చేస్తూనే, ఏ బతుకు కావాలో ఎంచుకునే హక్కు ఆత్మకే వదిలాడు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో స్టోయిక్ తత్వవేత్త క్రిసిప్పస్ చేతుల్లో విధి కార్యకారణాల గొలుసుగా బిగిసింది.

ఆ గొలుసునే ఇవాళ వెనక్కి లాగి పాత కథలన్నిటికీ తగిలిస్తున్నారు. నుదుటిరాత అలవాటున్న మనకు అది మరీ సులువు. ఈడిపస్ తోలుబొమ్మ అయిపోయాడు. జోస్యం ఫలించిన మాట నిజమే, కానీ కళ్లు పొడుచుకున్నది తన చేతులతోనేనని సోఫోక్లిస్ నాటకంలో ఈడిపస్ స్వయంగా చెబుతాడు. ఆ తేడాను పట్టించుకోని వ్యాఖ్యానాలను నేను ఒప్పుకోలేను.