తీరం వెంబడి ఒంటరిగా: విండ్‌సర్ఫింగ్ దూరయాత్రల్లో అసలు పరీక్ష ఒడ్డుదే

ఇంజిన్ ఉండదు, చుక్కాని ఉండదు, కూర్చోవడానికి చోటూ ఉండదు. కాళ్ల కింద పలక, చేతిలో తెరచాప, నీళ్లు చొరని సంచిలో నాలుగు బట్టలు, తిండి, మంచినీళ్లు. ఇంత మాత్రం సామానుతో తీరం వెంబడి వందల, వేల కిలోమీటర్లు ఒంటరిగా సాగే ప్రయాణాలే విండ్‌సర్ఫింగ్ దూరయాత్రలు. పగలంతా సముద్రం మీద, రాత్రి ఏదో ఒక ఊరి ఒడ్డున. వినడానికి షికారులా ఉన్నా, సముద్ర సాహసాల్లో కష్టమైన వాటిలో ఇదొకటి.

పలక ఎలా నడుస్తుంది?

తెరచాప కొయ్యను పలకకు అన్ని వైపులా వంగే కీలుతో బిగిస్తారు. కొయ్యను ముందుకు వంచితే పలక గాలివాలుకు తిరుగుతుంది, వెనక్కి వంచితే గాలికి ఎదురు మళ్లుతుంది. చుక్కాని పని చేసేది మనిషి ఒళ్లే. అమెరికాలో 1960ల్లో రూపుదిద్దుకున్న ఈ ఆట 1984లో ఒలింపిక్స్‌లోకి వచ్చింది.

ఏ తెరచాపా గాలికి సూటిగా ఎదురు వెళ్లలేదు. సుమారు 45 డిగ్రీల వాలులో ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి మెలికలు తిరుగుతూ పోవాలి. అందుకే పటం మీద 20 కి.మీ. దూరం నీటి మీద 30 కి.మీ. దాటొచ్చు. గాలి పూర్తిగా పడిపోతే పలక ఉన్నచోటే ఉండదు, ప్రవాహం ఎటు తీసుకెళ్తే అటు పోతుంది.

చేసినవారు

బ్రిటన్ ద్వీపాన్ని విండ్‌సర్ఫింగ్‌తో మొదట చుట్టివచ్చినవాడు టిమ్ బాట్‌స్టోన్. 1984లో జరిగిన ఆ యాత్రలో సహాయ పడవ వెంట ఉంది. జోనో డన్నెట్ 2015లో అదే ప్రదక్షిణను సహాయ పడవ లేకుండా ఒంటరిగా పూర్తి చేశాడు. 2017లో నార్వే, రష్యా సరిహద్దు నుంచి ఐరోపా తీరం వెంట మరో సుదీర్ఘ యాత్రకు బయల్దేరాడు. బ్రెజిల్‌కు చెందిన ఫ్లావియో జార్దిమ్, డియోగో గెరేరో 2004 మే నుంచి 2005 జులై వరకు తమ దేశపు దక్షిణ కొస షుయి నుంచి ఉత్తర కొస ఒయాపోకీ దాకా 8,120 కి.మీ. వెళ్లారు. అయితే వారు ఇద్దరు.

మహాసముద్రాలు దాటినవారూ ఉన్నారు. ఫ్రాన్స్‌కు చెందిన రఫాయెలా లె గువెల్లో 2006లో ఆస్ట్రేలియా నుంచి రీయూనియన్ దీవి దాకా హిందూ మహాసముద్రాన్ని ఒంటరిగా దాటింది. ఆమె వాడింది లోపల పడుకునే వీలున్న ప్రత్యేకమైన పెద్ద పలక.

మన దేశంలో ఈ కోవకు దగ్గరగా వచ్చేది కౌస్తుభ్ ఖాడే యాత్ర. 2015లో ఆయన గుజరాత్ నుంచి కన్యాకుమారి దాకా పశ్చిమ తీరం వెంట కయాక్ తెడ్డు వేసుకుంటూ వెళ్లాడు.

తెలుగు తీరంలో

తెలుగువారిలో ఇలాంటి యాత్రకు దగ్గరి ఉదాహరణ గోలి శ్యామల. సామర్లకోటకు చెందిన ఆమె 52 ఏళ్ల వయసులో, 2024 డిసెంబర్ 28న విశాఖపట్నం ఆర్కే బీచ్ దగ్గర నీటిలో దిగి, ఈదుతూ 2025 జనవరి 3న కాకినాడ తీరం చేరుకున్నారు. మొత్తం దాదాపు 150 కి.మీ. అంతకుముందు 2021లో శ్రీలంక నుంచి ధనుష్కోటి వైపు పాక్ జలసంధిని ఈదారు.

ఈ ఈతలో ఆమె వెంట సహాయ బృందం ఉంది. దానివల్ల ఘనత తగ్గదు. దూరపు ఈతల్లో వెంట పడవ ఉండటం మామూలే. డన్నెట్ చేసింది మరో రకం. సాయం లేని యాత్రలో ఎప్పుడు బయల్దేరాలి, ఎక్కడ ఒడ్డెక్కాలి అన్న ప్రతి నిర్ణయం, దాని ఫలితం ఒక్కరివే. ‘ఒంటరి’ అన్న మాట విన్నప్పుడు ఈ తేడా చూడాలి.

గాలి, ఒడ్డు

ఆంధ్రప్రదేశ్ తీరం పొడవు 974 కి.మీ. అని పాఠాల్లో చదివాం. కొత్త లెక్కలో అది 1,053 కి.మీ. నేల పెరగలేదు. వంపులను మరింత సూక్ష్మంగా కొలిచారు, అంతే.

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య గాలి వీస్తుంది కాబట్టి ఇచ్ఛాపురం నుంచి దక్షిణానికి వచ్చేవారికి అది అనుకూలం. కానీ అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు తుపాన్ల కాలం. పైగా కృష్ణా ముఖద్వారం దాటాక తీరం దక్షిణానికి తిరుగుతుంది. అక్కడ ఇదే గాలి సముద్రం మీది నుంచి ఒడ్డుకు నెడుతూ కెరటాలను పెంచుతుంది. నైరుతి కాలంలో నేల మీది నుంచి సముద్రం వైపు వీచే గాలి ఇంకా మోసకారి. ఒడ్డున నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది. కిలోమీటరు లోపలికి పోయాక వెనక్కి రావడం కష్టమవుతుంది.

తూర్పు తీరంలో సహజ రేవులు తక్కువ. చాలాచోట్ల కెరటాలు నేరుగా ఇసుక మీద విరుగుతాయి. లోపలికి పోవడానికి, సాయంత్రం బయటికి రావడానికి రెండుసార్లు ఆ వరసను దాటాలి. కొయ్య విరిగేదీ, తెరచాప చిరిగేదీ, మనిషికి దెబ్బ తగిలేదీ ఎక్కువగా అక్కడే. గోదావరి, కృష్ణా మొగల దగ్గర ఇసుక మేటలు, ఎదురు ప్రవాహాలు తోడవుతాయి. మడ అడవులున్న చోట దిగడానికి గట్టి నేలే దొరకదు. తీరంలో బతికే మత్స్యకారులకు ఇదంతా తెలుసు. ఏ ఒడ్డున ఎప్పుడు దిగొచ్చో వారిని అడగడం ఏ పటం కన్నా మేలు.

అనుమతి, జాగ్రత్త

విశాఖలో నౌకాదళ స్థావరం, శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం, మధ్యలో రేవుల నౌకా మార్గాలు ఉన్నాయి. తీర రక్షక దళానికి, మెరైన్ పోలీసులకు ముందే మార్గం, తేదీలు తెలపకుండా బయల్దేరడం తగదు. అనుమతి లేని ఉపగ్రహ ఫోను దగ్గర ఉంచుకోవడం మన దేశంలో చట్టవిరుద్ధం. విదేశీ యాత్రికుల పుస్తకాలు చదివి సామాను సర్దుకునేవారు దీన్ని గమనించాలి. సముద్రంలో ఆపద వస్తే తీర రక్షక దళం నంబరు 1554.

అలల ఎత్తు, గాలి, ప్రవాహాల అంచనాలను హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ప్రతిరోజూ ఇస్తుంది. ఎక్కడో దూరాన పుట్టి, ఇక్కడ గాలి లేకపోయినా ఒడ్డును ముంచే ఉప్పెన అలల హెచ్చరికలూ అందులో ఉంటాయి. ఆ అంచనా బాగాలేని రోజున పలకను ఇసుక మీదే ఉంచి ఆగిపోవడం వెనకడుగు కాదు. దూరయాత్రలు చేసినవారి రోజుల్లో గాలి కోసం, సముద్రం తగ్గడం కోసం ఒడ్డున ఎదురుచూసిన రోజులూ ఉంటాయి. రికార్డు పుస్తకాలు దూరాన్నే రాస్తాయి. ఆ దూరం పూర్తయ్యేది ఆగాల్సిన రోజున ఆగినందుకే.