పిట్ట మిగిలింది, దస్తఖత్ పోయింది

ఈదీ డబ్బులతో మా ఆపా కూతురు నీళ్ళ బాటిల్ ఒకటి కొనుక్కుంది. పొద్దున ఐసు వేస్తే సాయంత్రం దాకా చల్లగా ఉండే స్టీలు రకం. దాని మీద రేగు కొమ్మ, కొమ్మ మీద గోరింక జాతి పిట్ట, పక్కన పెద్ద రెక్కల చిమ్మెటలు రెండు. అట్టపెట్టె మీద ‘వింటేజ్ బర్డ్ ఆర్ట్’ అని మాత్రం ఉంది. ఎవరి కలం, ఏ షహర్, ఏ జమానా, ఏమీ లేదు. “ఎవరో అంగ్రేజు దొర వేసుంటాడులే మామూ” అంది పిల్ల.

కాదు బేటీ. అది అజీమాబాద్ ముసవ్విర్ షేక్ జైనుద్దీన్ 1777లో కలకత్తాలో వేసిన తస్వీర్. ఈ తారీఖ్ మన పిల్లలకు బడిలో ఎవరూ చెప్పరు గనక ఇక్కడ రాస్తున్నాను.

ముందు బాటిల్ కథ. 1892లో జేమ్స్ డ్యూవర్ అనే స్కాట్లాండ్ సైన్సుదారు లండన్‌లో రెండు గోడల సీసా ఒకటి చేశాడు. గోడల మధ్య గాలి తీసేశాడు. గాలి లేకపోతే వేడి అటు నుంచి ఇటు దాటడం కష్టం. ఆయనకు కావాల్సింది చల్లని నీళ్ళు కాదు, ద్రవంగా మార్చిన వాయువులను నిలబెట్టుకోవడం. పేటెంట్ తీసుకోలేదు. 1904లో జర్మనీ వాళ్ళు దాన్నే ‘థర్మాస్’ పేరుతో బజారులోకి దించారు. డ్యూవర్ అదాలత్‌కు వెళ్ళి ఓడిపోయాడు. మన ఇళ్ళల్లో చాయ్ పోసుకునేది థర్మాస్ అయింది గానీ డ్యూవర్ కాలేదు. అయినా ఆయన నసీబ్ కొంత మేలే. లేబొరేటరీల్లో నేటికీ దాన్ని డ్యూవర్ ఫ్లాస్క్ అనే పిలుస్తారు. జైనుద్దీన్‌కు ఆ మాత్రం కూడా దక్కలేదు.

అజీమాబాద్ అంటే పాట్నాయే. ఔరంగజేబు మనవడు అజీముష్షాన్ పేరు మీద ఆ పేరు వచ్చింది. జైనుద్దీన్ అక్కడివాడు, మొఘల్ కలంలో తయారైనవాడు. పిట్టను పిట్టలా, ఈక ఈకా లెక్కగట్టి వేయడం మొఘల్ దర్బారులో ఎప్పటి నుంచో ఉన్న హునర్. 1612లో ముఖర్రబ్ ఖాన్ గోవా నుంచి వింత జానవర్లు తెస్తే, బాబర్ జంతువుల గురించి రాశాడే గానీ తస్వీర్లు వేయించలేదు, నేను వేయిస్తాను అన్నాడు జహంగీర్. ఆ వచ్చినవాటిలో టర్కీ కోడి కూడా ఉంది. దాన్ని వేసింది ఉస్తాద్ మన్సూర్. బాద్షా ఆయనకు ‘నాదిరుల్ అస్ర్’ అని ఖితాబ్ ఇచ్చి, తన తుజుక్‌లో ఆ పేరు రాయించాడు. చూడండి, బాద్షా తన రోజ్‌నామ్‌చాలో నఖాష్‌కు జాగా ఇచ్చాడు.

దర్బార్లు చితికిపోయాక కలం పట్టినవాళ్ళు రోజీ వెతుక్కుంటూ కంపెనీ షహర్లకు పోయారు. కలకత్తాలో సుప్రీంకోర్టు మొదటి చీఫ్ జస్టిస్ ఎలిజా ఇంపే. 1775లో మహారాజా నందకుమార్‌ను ఫోర్జరీ నేరం కింద ఉరి తీయించిన జడ్జి ఈయనే. ఆ ఇన్సాఫ్ ఎలాంటిదో ఆ తర్వాత ఇంగ్లండు పార్లమెంటులోనే గొడవైంది. ఆయన బేగం మేరీ ఇంపే బంగళా తోటలో పక్షులనూ జంతువులనూ సాకేది. 1777 నుంచి వాటికి తస్వీర్లు వేయించింది. ముగ్గురు ముసవ్విర్లు: షేక్ జైనుద్దీన్, భవానీ దాస్, రామ్ దాస్. ముగ్గురూ పాట్నా వాళ్ళే. కొన్నేళ్ళలో 300కు పైగా తస్వీర్లు, వాటిలో సగానికి మించి పిట్టలవి.

ఇంగ్లండు నుంచి వచ్చిన వాట్‌మన్ కాగితం. వీలైనంత వరకు పిట్ట అసలు సైజు. హాషియా లేదు, బంగారు పూత లేదు, వెనక ఆకాశం కూడా లేదు. తెల్ల కాగితం మీద కొమ్మ, పిట్ట, పురుగు. పనస మోడు మీద నల్లతల పసుపు పిట్ట, సీతాఫలం కొమ్మ మీద కాకటూ. మా పిల్ల బాటిల్ మీది రేగు కొమ్మనే తీసుకోండి. ఆ చిమ్మెటలు దసలి పట్టువి. అసలు తస్వీర్‌లో వాటి గొంగళి ఉంది, గూడు కూడా ఉంది. అంటే ఒక పురుగు జిందగీ మొత్తం ఆ కొమ్మ మీదే. బాటిల్ చేసినవాడు గొంగళినీ గూటినీ తీసేశాడు. చుట్టూ తెలుపే గనక కత్తిరించడం సులువు. ఆ కత్తిరింపులోనే కింది మూల కూడా పోయింది.

ఆ మూలలోనే ఉంది అసలు మాట. ఈ తస్వీర్ల కింద లేడీ ఇంపే కలెక్షన్ అని, వేసింది ఫలానా, పాట్నా వాసి అని, సాలుతో సహా ఉంటుంది. పేరు ఫార్సీ హర్ఫుల్లో కూడా ఉంటుంది. కాబట్టి పేరు చెరిపింది ఆ మేమ్‌సాబ్ కాదు. భర్త ఫైసలాల గురించి నాకు మంచి మాట రాదు గానీ, ఈ ఒక్క విషయంలో ఆవిడ హక్ నిలబెట్టింది.

చెరిగింది ఆ తర్వాత. 1810లో లండన్‌లో ఆ తస్వీర్లు వేలంలో చాలావరకు చెల్లాచెదురయ్యాయి. కళ పుస్తకాలు రాసినవాళ్ళు వీటన్నిటినీ కట్టగట్టి ‘కంపెనీ స్కూల్’ అన్నారు. పైసా ఇచ్చినవాడి పేరు మీద బడి వెలిసింది! సైన్సూ అంతే చేసింది. జాన్ లేథమ్ ఈ తస్వీర్లు చూసి కొన్ని పక్షులకు హులియా రాశాడు. హిమాలయాల మోనాల్ పిట్టకు లాటిన్ పేరులో ‘ఇంపెజానస్’ అని ఆ బేగం పేరే పెట్టాడు. జైనుద్దీన్ పేరుతో గానీ, భవానీ దాస్ పేరుతో గానీ పిట్ట లేదు. ఇది ఒక్క మన ఖౌమ్ ఫిర్యాదు కాదని అందుకే అంటున్నాను. షేకూ దాసూ పక్కపక్కన కూర్చుని వేశారు, పక్కపక్కనే మాయమయ్యారు. 2019 డిసెంబరులో లండన్‌లోని వాలెస్ కలెక్షన్‌లో వీళ్ళ నుమాయిష్ పెట్టినప్పుడు దానికి ఇచ్చిన పేరు ‘ఫర్‌గాటెన్ మాస్టర్స్’. మరచిపోయిన ఉస్తాదులు అని వాళ్ళే ఒప్పుకున్నారు.

బాటిల్ కొనొద్దని చెప్పను. అందంగా ఉంది, నీళ్ళు చల్లగా ఉంటున్నాయి, అల్‌హమ్దులిల్లాహ్. అమెరికాలో మినియాపోలిస్ మ్యూజియం తన దగ్గరున్న జైనుద్దీన్ తస్వీర్లను ఇంటర్నెట్‌లో పెట్టింది. ఫోన్‌లో తెరిచి పిల్లలకు చూపించండి. ఉర్దూ చదవడం రాని పిల్లలైతే దాదీనో నానీనో పక్కన కూర్చోబెట్టుకోండి. కింద దస్తఖత్ దగ్గర పెద్దది చేసి, వేలు పెట్టి ఒక్కొక్క హర్ఫ్ చదివించండి. మొదట జే. తర్వాత యే. తర్వాత నూన్.