సుగటూరు ప్రభువుల వంశకథ

కోలారు సీమకు తెలుగు మాట 1880 ప్రాంతమున జాన్ టేలర్ కంపెనీ గనుల వెంట వచ్చినదని కొందరనగా మేము వినియున్నాము. అది పూర్ణసత్యము కాదు.

గనులకు చాల ముందే ఈ సీమను సుగటూరు గౌడప్రభువులు ఏలిరి. వీరు మొరసు ఒక్కలిగులు. ఆ కులమున తెలుగు పలుకువారు నేటికిని కలరు. కంచి ప్రాంతమున నొక దొర తమ కన్యను బలవంతముగా కోరగా, వీరి పూర్వులు రాత్రికి రాత్రి బండ్లు కట్టిరట. నది పొంగి అడ్డురాగా, ఆ కన్య తన చెవికమ్మను నీట విడిచి గంగను వేడెను, దారి దొరకెను. అటుపిమ్మట వారు ఆవతిలో నిలిచిరి. ఇది ఐతిహ్యము, శాసనము కాదు. బెంగుళూరు కెంపేగౌడ ఆవతి వంశమువాడే. ఆయన తెలుగున ‘గంగాగౌరీవిలాసము’ అను యక్షగానము రచించెను.

సుగటూరు తమ్మేగౌడ పెనుగొండ రాయలచే ‘చిక్కరాయలు’ అను బిరుదు వడసి, సుమారు 1595లో హొసకోటలో కోటను, పెద్ద చెరువును కట్టించెను. తరువాత బిజాపురము సేనలు సీమను గెలువగా కోలారు షాజీకి జాగీరయ్యెను.

వారు మానముకై వచ్చిరి. మన తాతలు కూలికై వచ్చిరి. 2001లో గనులు మూతపడినవి. తమ్మేగౌడ చెరువు మాత్రము నిలిచియున్నది. బిరుదులు పోవును, ఊరికి చేసిన మేలే వంశమును నిలుపును. మన బిడ్డలకు మనము చెప్పవలసినది ఇదియే.