నాలుగు కోతల లెక్క

ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన నిబంధనల్లో గ్రామమే బీమా యూనిట్ అయిన చోట, ప్రధాన పంటకి ఊరికి కనీసం నాలుగు పంట కోత ప్రయోగాలు చేయాలని ఉంది. వరి అయితే నాలుగు మళ్లల్లో, ఒక్కోదాంట్లో అయిదు మీటర్ల పొడవూ అయిదు మీటర్ల వెడల్పూ ఉన్న ముక్క కోస్తారు. కోతల లెక్కలో ఆ నాలుగు తూకాల సగటే ఊరి దిగుబడి. గణాంక శాఖలో పనిచేసి రిటైరైన నన్ను ఇప్పటికీ ఎవరో ఒకరు నిలబెట్టి అడుగుతారు: "నాలుగు మళ్లు కోసి ఊరంతటి పంట ఎలా చెప్పేస్తారండీ?" చెప్పొచ్చు. కాకపోతే ఆ చెప్పినదాన్ని ఎంతవరకు నమ్మాలో కూడా పక్కనే చెప్పాలి. ఈ రెండో భాగాన్ని లోకానికి నేర్పినవాడు విశ్వవిద్యాలయ ఆచార్యుడు కాదు, డబ్లిన్‌లో బీరు కాచే కంపెనీ ఉద్యోగి. అతని లెక్కా నాలుగుతోనే మొదలైంది.

విలియం సీలీ గాసెట్ 1899లో గిన్నిస్ బ్రూవరీలో చేరాడు. ఆక్స్‌ఫర్డ్‌లో గణితం, రసాయనశాస్త్రం చదివిన ఇరవై మూడేళ్ల కుర్రాడు. ఆ కంపెనీ అప్పటికే సైన్సు చదివినవాళ్లను పెట్టుకుని బార్లీ రకాలు, మొలకెత్తించి ఆరబెట్టిన మాల్టు, హాప్స్ అన్నింటినీ కొలిపిస్తోంది. మాల్టు నుంచి ఎంత తీపి సారం దిగుతుందో తెలియాలి. అది తేడా వస్తే బీరు తేడా వస్తుంది. ప్రయోగశాలలో ఒకే మాల్టుని రెండుసార్లు కొలిస్తే రెండు అంకెలు వచ్చేవి. మరి ఎన్నిసార్లు కొలవాలి? అసలు విలువకి అర డిగ్రీ లోపల ఉన్నామని పదికి ఒకటి పందెం కట్టగలిగేంత ధీమా కావాలంటే కనీసం నాలుగు కొలతల సగటు తీసుకోవాలని గాసెట్ తేల్చాడు. 1904లో కంపెనీ పెద్దలకి ఇచ్చిన నివేదికలో, బ్రూవరీ పనికి దోష సిద్ధాంతం (కొలతల్లో వచ్చే తప్పుల లెక్క) ఎందుకు కావాలో రాసి, గణితం బాగా తెలిసినవాళ్లని సంప్రదించాలని సిఫారసు చేశాడు.

చిక్కేమిటంటే, గౌస్ కాలం నుంచి వస్తున్న ఆ సిద్ధాంతం పెద్ద నమూనాలకి సరిపోయేది. వెయ్యి కొలతలుంటే వాటి చెదురు ఎంతో ఆ కొలతల నుంచే నిక్కచ్చిగా తెలుస్తుంది. నాలుగే ఉంటే చెదురు కూడా ఒక అంచనాయే. అంటే సగటు ఎంత అటూ ఇటూ ఊగుతుందో చెప్పడానికి వాడే కొలమానం తనే ఊగుతోంది. ఈ సంగతి అందరికీ తెలుసు, కానీ పట్టించుకున్నవాళ్లు లేరు, ఎందుకంటే పట్టించుకోవాల్సిన అవసరం ఉన్నవాళ్లు లేరు. 1905లో గాసెట్ గణాంకవేత్త కార్ల్ పియర్సన్‌ని కలిశాడు. 1906-07లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఆయన ప్రయోగశాలలో కూర్చున్నాడు. పియర్సన్ దగ్గర పుర్రెలు, ఎముకలు, ఎత్తులు వందల్లో వేలల్లో ఉండేవి. అంత చిన్న నమూనాలు తీసేది అల్లరి బ్రూవర్లేనని పియర్సన్ తర్వాత ఒక ఉత్తరంలో వేళాకోళం కూడా చేశాడు. పాపం, బ్రూవరీలో ఒక్కో కొలతకీ ఖర్చవుతుంది. బార్లీ మళ్ల ప్రయోగమైతే ఒక్కో అంకెకి ఒక ఏడాది పడుతుంది.

గాసెట్ చేసిన పని నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అది గుమాస్తా పని. ఇంగ్లండ్‌లో మూడు వేల మంది నేరస్తుల ఎత్తు, ఎడమచేతి నడిమి వేలి పొడవు అంతకుముందే ఒకరు అచ్చేసి ఉన్నారు. గాసెట్ ఆ అంకెల్ని మూడు వేల అట్టముక్కల మీద రాసి, బాగా కలిపి, వరసగా నాలుగేసి చొప్పున 750 నమూనాలు చేశాడు. ప్రతి నాలుగింటికీ సగటు, చెదురు లెక్కించి, సగటు అసలు విలువకి ఎంత దూరం పోయిందో ఆ చెదురుతో భాగించాడు. కాగితం మీద ఊహించిన వక్రరేఖ ఈ 750తో సరిపోయింది. కంప్యూటర్ లేదు, చేతి లెక్క. ఫలితం 1908లో బయోమెట్రికా పత్రికలో 'స్టూడెంట్' పేరుతో వచ్చింది. ఉద్యోగులు సొంత పేరుతో ఏదీ అచ్చేయడానికి కంపెనీ ఒప్పుకునేది కాదు. వ్యాపార రహస్యాలు బయటికి పోతాయని దాని భయం. ఆ మారుపేరే ఇప్పుడు ప్రతి బి.యస్సీ. పుస్తకంలో ఉంది. ఆ లెక్కని శుభ్రంగా నిరూపించినవాడు రొనాల్డ్ ఫిషర్, 1912లో, ఇంకా కుర్రాడుగా ఉండగా, ఉత్తరంలో. నాలుగు కొలతలుంటే స్వేచ్ఛగా కదిలేవి మూడేనని, భాగహారం మూడుతో చేయాలని స్థిరపడి, ఇప్పుడు మనం వాడే 't' రూపం పట్టికల్లోకి వచ్చింది 1920ల్లోనే. 1922లో తన పట్టికలు ఫిషర్‌కి పంపుతూ, వీటిని వాడే మనిషి లోకంలో బహుశా నువ్వొక్కడివే అన్నట్టు రాశాడు గాసెట్.

ఆ పట్టికతో మన ఊరి లెక్క చేసి చూద్దాం. అంకెలు లెక్క కోసం అనుకున్నవే. నాలుగు ముక్కల్లో ధాన్యం 11, 13, 14, 16 కిలోలు. సగటు 13.5. హెక్టారుకి 5,400 కిలోలు. సగటు నుంచి తేడాలు వర్గం చేసి కూడితే 13. దాన్ని మూడుతో భాగిస్తే విస్తృతి 4.33, దాని వర్గమూలం 2.08. నాలుగు కొలతల సగటు కాబట్టి ఆ 2.08లో సగం, 1.04, సగటు ఊపు. 95 శాతం ధీమాకి పెద్ద నమూనా పద్ధతిలో దీన్ని 1.96తో హెచ్చిస్తారు, 11.5 నుంచి 15.5 అని వస్తుంది. 't' పట్టికలో మూడు స్వేచ్ఛలకి ఆ గుణకం 3.182. అప్పుడు హద్దులు 10.2, 16.8. హెక్టారుకి 4,080 నుంచి 6,720 కిలోలు. బీమా గడప దిగుబడి 5,000 అనుకుంటే, సగటు దాన్ని దాటింది కాబట్టి ఊరికి పైసా రాదు. హద్దులు చూస్తే మాత్రం గడపకి అటూ ఇటూ రెండు వైపులా కాళ్లున్నాయి.

విస్తృతి హద్దులు ఇంకా ఘోరం. నమూనా విస్తృతి విలువలు ఎలా పరుచుకుంటాయో 1876లో జర్మన్ భూకొలతల శాస్త్రవేత్త ఫ్రీడ్రిఖ్ హెల్మర్ట్ రాసి పెట్టాడు. గాసెట్‌కి అది తెలియదు, తనే మళ్లీ ఊహించి పట్టుకున్నాడు. ఆ లెక్క ప్రకారం విస్తృతి హద్దులకి మన 13ని ఒకసారి 9.348తో, ఒకసారి 0.216తో భాగించాలి. 1.4 నుంచి 60! వర్గమూలాలు తీస్తే, మళ్లకీ మళ్లకీ మధ్య చెదురు 1.2 కిలోలు కావచ్చు, 7.8 కిలోలూ కావచ్చు. ఊళ్లో పంట ఒకేలా ఉందో, చివరి మళ్లకి నీళ్లందక సగం పోయిందో నాలుగు కోతలు చెప్పలేవన్నమాట. రైతుకి కావాల్సింది చాలాసార్లు ఈ రెండో కబురే, సగటు కాదు. పైగా ఈ హద్దుల మీద ఇంకో అనుమానం ఉంది. కొలతలు గంట ఆకారపు వక్రరేఖను అనుసరించకపోయినా సగటు హద్దులు కొంత ఓర్చుకుంటాయి. విస్తృతి హద్దులు ఓర్చుకోవు. 1953లో గణాంకవేత్త జార్జ్ బాక్స్ దీన్ని గట్టిగా చూపించాడు. (తర్వాత ఆయన ఫిషర్ అల్లుడయ్యాడు. ఈ శాస్త్రంలో అందరూ ఏదో రకంగా చుట్టాలే.) అందుకే విస్తృతికి హద్దులు కట్టి అచ్చేసిన ప్రభుత్వ నివేదిక నా సర్వీసులో నేను చూడలేదు.

ఇంతకీ 95 శాతం దేనికి? ఇక్కడ కథ పోలండ్‌కి వెళుతుంది. యెర్జీ నేమన్ 1921లో బిడ్‌గోష్చ్‌లో వ్యవసాయ సంస్థలో పనిచేసి, 1925లో లండన్ వచ్చి, గాసెట్‌నీ, పియర్సన్ కొడుకు ఎగాన్‌నీ కలిశాడు. 1934 జూన్‌లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీలో చదివిన పత్రంలో, ఆ తర్వాత 1937లో పూర్తి స్థాయిలో, కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ సిద్ధాంతాన్ని పెట్టాడు. అతని వాదన ప్రకారం ఊరి అసలు సగటు కదలదు. అది 10.2కీ 16.8కీ మధ్య ఉంది, లేదా లేదు. కదిలేవి హద్దులు, వేరే నాలుగు మళ్లు పడి ఉంటే వేరే హద్దులు వచ్చేవి. ఈ పద్ధతిని మళ్లీ మళ్లీ వాడితే నూటికి తొంభై అయిదుసార్లు హద్దుల మధ్య నిజం చిక్కుతుంది. ఈ ఒక్కసారి చిక్కిందా అంటే, ఆ ప్రశ్నకి తన దగ్గర సంభావ్యత లేదంటాడు. 1934 సభలో పెద్దవాడైన ఆర్థర్ బౌలీకి ఇందులో ఏదో కనికట్టు ఉందేమోనన్న అనుమానం పోలేదు. ఫిషర్ 1930 నుంచి తనదైన మరో దారి పట్టాడు. నేమన్‌కీ ఫిషర్‌కీ ఆ తర్వాత జన్మకి సరిపడా తగాదా. గాసెట్ మాత్రం 1937 అక్టోబరులోనే పోయాడు.

నేమన్ మాటని నేను పుస్తకంలో చదివి ఒప్పుకున్నాను గానీ, మండల ఆఫీసులో కూర్చున్నాక గానీ అది ఎవరికి పనికొస్తుందో అర్థం కాలేదు. వేల ఊళ్ల లెక్కలు వేసే ఆఫీసుకి నూటికి తొంభై అయిదు మంచి హామీయే. ఏటా వందల బార్లీ లోడ్లు కొనే బ్రూవరీకీ అంతే. ఒక్క ఊరే ఉన్న రైతు అడిగేది వేరే ప్రశ్న: "మా ఊరు ఆ తొంభై అయిదులోదా, అయిదులోదా?" దానికి ఈ పద్ధతి దగ్గర జవాబు లేదు, ఉన్నట్టు నటించకూడదు.

ఇంకోటి కూడా ఈ హద్దుల్లో ఇమడదు. మన దేశంలో రాండమ్‌గా కోతలు కోసి వరి దిగుబడి లెక్కగట్టే పనిని 1920ల్లో బీహార్, ఒరిస్సాల్లో మొదలుపెట్టింది జె.ఎ. హబ్బాక్ అనే ఐ.సి.యస్. అధికారి. ఆయన వాడింది ఎకరంలో 3,200వ వంతు చుట్టే త్రికోణపు చట్రం. పదమూడున్నర చదరపు అడుగులు. తర్వాత బెంగాల్లో గణాంకవేత్త మహలనోబిస్ కూడా చిన్న వృత్తాలనే కోయించాడు. లండన్‌లో నేమన్ దగ్గర చదువుకుని వచ్చిన పి.వి. సుఖాత్మే 1940ల్లో పెద్ద ముక్కలతో పోల్చి చూసి, చిన్న ముక్కలు దిగుబడిని ఎక్కువ చేసి చూపిస్తున్నాయని తేల్చాడు. కారణం గట్టు పనివాళ్లకి తెలిసిందే: ముక్క చిన్నదయ్యేకొద్దీ విస్తీర్ణంతో పోలిస్తే అంచు ఎక్కువ, అంచు మీద పడ్డ దుబ్బుని లోపలికే లాగుతాం. ఈ తప్పు అన్ని కోతల్లోనూ ఒకే వైపుకి పోతుంది కాబట్టి, కోతలు పెంచితే హద్దులు దగ్గరవుతాయి గానీ తప్పు చోటే దగ్గరవుతాయి. మహలనోబిస్, సుఖాత్మే శిబిరాల మధ్య ఈ గొడవ ఏళ్లు నడిచింది. ఇందులో నేను సుఖాత్మే పక్షం. మనం ఇప్పుడు కోసేది పెద్ద ముక్కలే.

ఆ ఒకవైపు మొగ్గు రాకూడదనే కోత నిబంధనలన్నీ. మడి నైరుతి మూల నుంచి మొదలుపెట్టి, రాండమ్ నెంబర్లు చెప్పినన్ని అడుగులు పొడవునా వెడల్పునా నడిచి, అక్కడ మేకు దించి, టేపు పట్టి తాడు కట్టాలి. "ఏంటండీ బాబూ, కోతక్కూడా వాస్తేనా?" అని ఒక పెద్దాయన నవ్వాడు. తాడు మీదున్న దుబ్బు లోపలిదా బయటిదా అని వచ్చేసరికి నవ్వు ఉండేది కాదు. బీమా ఉన్న ఏడు బయటిదే అనేవారు, మంచి రైతు అనిపించుకోవాలన్న ఏడు లోపలిదే.

బీమా యూనిట్ తాలూకా అయితే 16 కోతలు, మండలమైతే 10, ఊరైతే 4. యూనిట్ ఊరు దాకా దిగడం రైతు కోరుకున్నదే. పక్క ఊరి పంట బాగుండి తన నష్టం మునిగిపోకుండా ఉంటుంది. కానీ ఆ దగ్గరతనానికి ధర ఉంది. చెదురు అదే 2.08 అనుకుంటే, పది కోతలకి సగటు పక్కన ఒకటిన్నర కిలోలు అటూ ఇటూ పెడితే చాలు, నాలుగింటికి 3.3 పెట్టాలి. ప్రకటించే జాబితాలో ఊరి పేరు పక్కన సగటు ఒక్కటే ఉంటుంది. దాని పక్కన ఇంకో గడి కావాలని నా కోరిక: ఎంత అటూ ఇటూ అని. గడప దిగుబడి ఆ హద్దుల మధ్యలో పడ్డ ఊళ్లలో ఇంకో నాలుగు కోతలు కోసి మళ్లీ చూడొచ్చు. ఆ గడి నింపడానికి మాత్రం కొత్తగా పొలానికి వెళ్లక్కర్లేదు. నాలుగు తూకాలూ ఇప్పటికే ఫారాల్లో ఉన్నాయి.